ఫ్యూజు అన్న మాట నమ్మి

మీ బెంచీ మీద చిప్ ఒకటి ఉన్నట్టుండి పలకడం మానేస్తే మీరు ఎవరెవరిని తిడతారో నాకు తెలుసు. మొదట దాన్ని అమ్మినవాణ్ణి, తర్వాత కేబుల్‌ని, ఆ తర్వాత కంప్యూటర్‌ని. మిమ్మల్ని మీరు తిట్టుకునే వంతు ఆఖర్న వస్తుంది, అదీ చుట్టుపక్కల ఎవరూ లేనప్పుడు. ఈ విషయంలో నేను మీ అందరికంటే ఘనుణ్ణి. పక్క బెంచీలో పనిచేసే మనిషి చేతుల్ని తిట్టాను. నోటితో అని ఊరుకోకుండా కాగితం మీద రాసి, కింద సంతకం పెట్టి, తేదీ కూడా వేశాను. ఇప్పుడు ఉద్యోగంలోంచి దిగిపోయాను కాబట్టి ఎవరికీ సంజాయిషీ ఇచ్చుకోనక్కర్లేదు. ఆ ధైర్యంతోనే మీకు చెబుతున్నాను.

ఆటోనగర్‌లో ఒక షెడ్డులో ముప్పై ఏళ్ళు మోటార్లకు వైండింగ్ చేశాను. హార్బర్ ఐసు ఫ్యాక్టరీల నుంచి కాలిపోయిన మోటారు వచ్చి గుమ్మంలో దిగగానే, దగ్గరికి వెళ్ళి వాసన చూసి ఏ తీగచుట్ట కాలిందో చెప్పేవాణ్ణి. పదింట ఏడుసార్లు తప్పే చెప్పేవాణ్ణి గానీ, జనానికి ఆ మిగతా మూడే గుర్తుండేవి. అలా నాకు మేస్త్రీ అన్న పేరు, ఆ పేరుకు తగ్గ గీర వచ్చాయి.

ఆ తర్వాత మా ఓనరు గారికి కొత్త ఆలోచన పుట్టింది. ఇంట్లో కూర్చుని సరదాగా లైట్లు వెలిగించుకునే, బెల్లులు మోగించుకునే కాలేజీ పిల్లల కోసం కిట్లు తయారు చేద్దామన్నారు. ఒక అట్టపెట్టెలో ఒక మైక్రోకంట్రోలర్ చిప్, నాలుగు వైర్లు, చిన్న స్పీకరు, ఒక చిన్న పుస్తకం. షెడ్డు వెనక గదికి సున్నం వేయించి, ఏసీ బిగించి, నన్ను ఇన్‌చార్జిగా కూర్చోబెట్టారు. "మేస్త్రీకి కరెంటు తెలుసు" అన్నది ఆయన చెప్పిన కారణం. లారీ తోలినవాడికి ఓడ అప్పగించడం అంటారే, అది. ఐతే ఓడ ఇస్తానంటే వద్దనే లారీ డ్రైవర్ని నేను ఇంతవరకూ చూడలేదు.

ఆ గదిలో మేం ముగ్గురం. చిప్‌లోకి ప్రోగ్రాము ఎక్కించేది నేను. బోర్డు మీద ముక్కలు పెట్టి సోల్డరింగ్ చేసి, మోగుతోందో లేదో చూసేది ఒకావిడ. ముప్పై లోపు వయసు. ఫిషింగ్ హార్బర్ దగ్గర ఇల్లు, అక్కణ్ణుంచి రెండు బస్సులు మారి వచ్చేది. మూడో మనిషి ప్యాకింగ్ చేసేవాడు. నా ఈడువాడే. చుట్టరికం ఏమీ లేకపోయినా ముప్పై ఏళ్ళుగా నన్ను బావ అనేవాడు, నేనూ అతన్ని బావ అనేవాణ్ణి.

ఆవిడ అంతకుముందు రొయ్యల కంపెనీలో చేసింది. పొద్దస్తమానం ఐసులో చేతులు పెట్టి రొయ్యలు ఒలిచే పని. మా దగ్గర చేరిన మొదటి వారం సోల్డరింగ్ ఐరన్‌ని పట్టుకుని మురిసిపోతుంటే ఏమిటమ్మా అని అడిగాను.

"ఎచ్చగా ఉంది మేస్త్రీ గారూ. పనిసేత్తే సేతులు ఎచ్చగా ఉండడం నాకు ఇదే మొదులు" అంది.

ఆర్నెల్లు తిరిగేసరికి ఆవిడ పెట్టిన అతుకులు చూస్తే నాకు అసూయ పుట్టేది. ఒక్కో అతుకు ఆవగింజంత గుండ్రంగా, నిగనిగలాడుతూ ఉండేది. ఓనరు గారు ఒకసారి బోర్డును భూతద్దంలో చూసి, "ఈవిడ హస్తవాసి మంచిదయ్యా" అన్నారు. ఆ మాట ఆవిడ ఇంటికి తీసుకెళ్ళి ఎంతమందికి చెప్పుకుందో నాకు తెలీదు. మర్నాడు మాత్రం మా ముగ్గురికీ పనసతొనలు తెచ్చింది.

ఇక నా భక్తి సంగతి. ఇన్‌చార్జి అయిన కొత్తలో నన్ను ఒకరోజు శిక్షణకు పంపారు. అక్కడ ఒకాయన స్టాటిక్ కరెంటు గురించి చెప్పాడు. మనిషి కుర్చీలోంచి లేచినా, పాలిస్టరు బట్ట ఒంటికి రాసుకున్నా ఒంట్లో వేల వోల్టులు చేరతాయట. మనకి తెలీదు. అదే చేత్తో చిప్‌ని ముట్టుకుంటే పైకి ఏ మచ్చా లేకుండా లోపల చచ్చిపోతుందట. ఆయన చెప్పిందంతా నిజమే, మీరు కూడా దాన్ని తేలిగ్గా తీసుకోకండి. కాకపోతే నాకు ఆ నిజం మరీ ఎక్కువగా నచ్చేసింది. కంటికి కనపడదు, వాసన రాదు, ఎవరి మీదైనా మోపవచ్చు. ఇన్‌చార్జి అన్నవాడికి ఇంతకంటే మంచి శత్రువు ఎక్కడ దొరుకుతాడు?

మర్నాటి నుంచి గదిలో చట్టం అమల్లోకి వచ్చింది. చెప్పులు బయటే. పాలిస్టరు బట్టలు నిషేధం. దువ్వెన తెస్తే లాక్కునేవాణ్ణి. ఒంట్లో చేరిన కరెంటు నేలలోకి దిగిపోవడానికి, లోపలికి వచ్చేముందు కిటికీ ఊచను రెండు చేతులా పట్టుకుని ఐదు అంకెలు లెక్కపెట్టాలి. మణికట్టుకు పట్టీ, పట్టీకి వైరు, వైరుకు క్లిప్పు, ఆ క్లిప్పు కూడా అదే కిటికీ ఊచకు. మన విశాఖ గాలిలో తడి ఎక్కువ కాబట్టి బయట స్టాటిక్ నిలవదని ఆ శిక్షణాయన చెప్పాడు గానీ, ఏసీ గదిలో గాలి పొడిబారుతుందని కూడా చెప్పాడు. నేను రెండో ముక్కే చెవిన వేసుకున్నాను.

"గుడికెల్లినా ఇన్ని మడులు నేవు బావ" అన్నాడు ప్యాకింగ్ బావ.

"గుళ్ళో దేవుడు ఓర్సుకుంటాడు బావ, సిప్పు ఓర్సుకోదు" అన్నాను. ఆ మాట నాకే ఎంత నచ్చిందంటే అట్టముక్క మీద రాసి గోడకు తగిలించాను.

అలా నడుస్తుండగా కాలింగ్ బెల్ కిట్టు తయారు చేశాం. బటన్ నొక్కితే సరిగమపదనిస అని పలకాలి. నేనే ప్రోగ్రాము ఎక్కించాను. ఓనరు గారిని పిలిచి నొక్కమన్నాను. 'స' అన్నది లోతైన బావిలోంచి మొదలైంది. 'రి' వచ్చేలోగా ఆయన కళ్ళజోడు తుడుచుకున్నారు. 'గ' దగ్గర ఆయనకు ఓపిక పోయింది.

"మేస్త్రీ, ఇది బెల్లా? గేదె ఈనుతున్నట్టుంది" అన్నారు.

కారణం చిన్నదే. చిప్ లోపల ఒక గడియారం ఉంటుంది. దాని టిక్కుటిక్కుల మీదే చిప్ పనంతా నడుస్తుంది. ఫ్యాక్టరీలో దాన్ని నెమ్మదిగా పెట్టి పంపుతారు. లైట్లు వెలిగించే కిట్టుకు అది చాలు గానీ, పాటకు ఎనిమిదింతల వేగం కావాలి. పుస్తకం తిరగేస్తే ఆ వేగం ఎక్కడ మార్చాలో దొరికింది. కంప్యూటర్‌లో ఒక పేజీ తెరుచుకుంది. దానిలో వరుసగా చిన్న చిన్న గడులు. పైన పేరు చూసి మౌస్ మీంచి చెయ్యి తీసేశాను. ఫ్యూజులు.

మీకు ఆ మాట ఏమీ అనిపించకపోవచ్చు. ముప్పై ఏళ్ళు కరెంటు పని చేసినవాడికి ఫ్యూజు అంటే కాలిపోయే తీగ. పోతే పోయినట్టే, పారేసి కొత్తది వేయాలి. పుస్తకంలో కూడా ఎర్ర అక్షరాలతో ఉంది, ఫ్యూజులు తప్పుగా పెడితే చిప్‌తో మళ్ళీ మాట్లాడలేరు అని. నేను అరచేతులు తుడుచుకున్నాను. పుస్తకంలో ఆ వేగానికి నాలుగు అంకెలు ఇచ్చాడు, సున్నా ఒకటి సున్నా సున్నా అని. ఒకటి ఉన్న గడిలో టిక్ పెట్టాను, సున్నాలు ఉన్న మూడింటినీ ఖాళీగా ఉంచాను. మీరైనా అంతే చేస్తారు. రాయి అన్న బటన్ నొక్కాను. సరిగ్గా రాశాను అని కంప్యూటర్ జవాబిచ్చింది.

ఆవిడ నా భుజం వెనక నించుని చూస్తోంది. "ఒకేళ తప్పయితే టిక్కు తీసేత్తే పోదేటండీ?" అంది.

నేను నవ్వాను. ఆ నవ్వు నాకు ఇప్పటికీ చెవుల్లో వినిపిస్తుంది. "ఫ్యూజు కాలిపోనాక దానికి టిక్కేటి, తుడుపేటి? కాలిపోయిన తీగ మల్లీ అతుక్కుంటాదా?" అన్నాను. ఆవిడ సరేనని తన బెంచీకి వెళ్ళిపోయింది.

ఆ రోజు ఆరు చిప్‌లు ఇచ్చాను. నా దగ్గర నుంచి వెళ్ళేటప్పుడు ఆరూ బతికే ఉన్నాయి, కంప్యూటరే సాక్ష్యం. ఆవిడ బెంచీ మీద ఆరింటిలో ఒక్కటీ మోగలేదు. వెనక్కి తెచ్చి, చిప్‌ని కంప్యూటర్‌తో కలిపే నా ప్రోగ్రామర్ డబ్బీకి తగిలిస్తే, చిప్ కనిపించడం లేదు అంది కంప్యూటర్. చచ్చిపోయిందని అర్థం. చచ్చిన ప్రతి చిప్ నెత్తిన మా ఇంటావిడ గోళ్ళరంగుతో ఒక ఎర్రచుక్క పెట్టి బిస్కెట్ల డబ్బాలో వేశాను.

మర్నాడు తొమ్మిది. ఆ మర్నాడు పదకొండు. చూడండి ఎంత చక్కగా ఉందో కేసు. నా చేతిలో బతికి ఉన్నది ఆవిడ చేతిలోకి వెళ్ళగానే చస్తోంది. దీనికి డిటెక్టివు కావాలా?

ఆవిడ నూలు చీర కట్టుకొచ్చింది. చచ్చాయి. గాజులు తీసేయించాను. చచ్చాయి. జడలో స్టాటిక్ చేరుతోందని తలకు గుడ్డ కట్టించాను. తడి తువ్వాలు తెచ్చి ఏసీ మీద ఆరేయించాను. రోజుకు మూడుసార్లు నేల తడిగుడ్డతో తుడిపించాను. చిప్‌లు మాత్రం మాట వినలేదు. ఒకటి మాత్రం జరిగింది, బావ జారిపడ్డాడు.

"లైట్ల కిట్టు సిప్పులు కూడా నా సేతుల్తోనే పెడతన్నాను కదండీ. అయ్యి సావనేదేం?" అని ఆవిడ అడిగింది.

ఎంత మంచి ప్రశ్న! ఆ చిప్‌లలో ఫ్యూజుల పేజీని నేను ముట్టుకోలేదు. జవాబు నా ముక్కు ముందే ఉంది. మనిషికి అనుభవం ఎక్కువైతే ఏమవుతుందో చూడండి. నేను కాసేపు గడ్డం గోక్కుని, "అయ్యి మొండి సిప్పులమ్మా" అన్నాను.

"నా సేతుల్లో నిజంగా అంతుందేటండీ?"

"వేల ఓల్టులుంటాయి. నీకు తెలీదు, అంతే."

ఆవిడ రెండు అరచేతులూ తిప్పి చూసుకుంది. నేను చిప్‌లు లెక్కపెట్టుకుంటున్నాను కాబట్టి ఆవిడ మొహం చూడలేదు.

ఇంతలో ఒక కాలేజీ వాళ్ళ ప్రదర్శనకు నలభై బెల్లులు సోమవారానికి ఇవ్వాల్సి వచ్చింది. ఒక్కటీ మోగలేదు. ఓనరు గారు ఫోన్‌లో కేకలేశారు. కారణం రాతపూర్వకంగా కావాలన్నారు. నేను తెల్లకాగితం తీసుకుని, వైండింగ్ రిజిస్టర్లో రాసే పద్ధతిలో రాశాను: "సదరు ఉద్యోగిని చేతిలో స్టాటిక్ ఎక్కువగా ఉన్నందున చిప్పులు పాడగుచున్నవి. సోల్డరింగు పని నుండి తప్పించి ప్యాకింగుకు మార్చవలెను." శనివారం వచ్చి దాని మీద సంతకం చేస్తానన్నారు ఆయన.

ఆ కాగితం నా బల్ల మీదే ఉంది, ఆవిడకి తెలుగు వచ్చు. చదివింది. ఏడుస్తుందేమో అనుకున్నాను, గొడవ పెట్టుకుంటుందేమో అని కూడా అనుకున్నాను. రెండూ చేయలేదు.

"బెంచీ మీంచి తీసేత్తన్నారా మేస్త్రీ గారూ?"

"నాను తీసేత్తన్నానా? నీ ఒంట్లో ఉన్నది తీసేత్తంది" అన్నాను. చాలా గొప్పగా చెప్పాననుకున్నాను.

అంతటితో పోలేదు. మా బావ మరదలు హార్బర్‌లో ఐసు దగ్గర పనిచేసేది. బావ ఆమెతో నవ్వులాటగా అన్నాడు, ఆమె వలలు బాగుచేసే చోట అంది. బుధవారానికి ఆవిడ ఇంటి చుట్టూ, "దాని సెయ్యి మంచిది కాదంట, ముట్టుకున్నయ్యన్నీ సచ్చిపోతన్నాయంట" అన్న మాట తిరిగింది. వేటకు వెళ్ళేవాళ్ళ ఇళ్ళలో ఆ మాట ఎలా పాకుతుందో మీకు విడమరిచి చెప్పనక్కర్లేదు. బోటు ఎక్కే మగవాళ్ళకు ఎదురు రావద్దని ఎవరో ఆవిడ అత్తగారితో అన్నారట. స్టాటిక్ అని నేను ఇంగ్లీషులో అన్నదాన్ని వాళ్ళు తెలుగులోకి సరిగ్గానే మార్చుకున్నారు.

శనివారం తొమ్మిదింటికి వచ్చాను. గది తలుపు పక్కన ఎప్పుడూ లేని ఒక బటన్ కనిపించింది. నొక్కాను. సరిగమపదనిస. చకచకా, పిట్ట కూసినట్టు, ఎనిమిది స్వరాలూ వచ్చాయి. మూత తీసి చూశాను. బోర్డు మీద కూర్చున్న చిప్ నెత్తిన ఎర్రచుక్క ఉంది. నేను చచ్చిందని రాసి డబ్బాలో వేసిన చిప్.

లోపలికి వెళ్తే ఆవిడ బెంచీ దగ్గర కూర్చుని ఉంది. ఎదురుగా నలభై బోర్డులు వరుసగా పేర్చి ఉన్నాయి. నలభైకీ ఎర్రచుక్కలే. బావ ఒక మూల నించుని చంటిపిల్లాడిలా ఒక్కొక్క బటనూ నొక్కుకుంటూ వెళ్తున్నాడు.

"ఏటిదంతా?" అన్నాను.

"మీరు బోజనాలకెల్లినప్పుడల్లా నాలుగేసి బాగుసేసినానండి, మిగతాయి ఈయాల పొద్దున్నొచ్చి. కూకోండి, సూపిత్తాను. కోప్పడకూడదు మరి."

డబ్బాలో మిగిలిన చిప్ ఒకటి తీసింది. ప్రోగ్రామర్‌కి తగిలించింది. కనిపించడం లేదు అంది కంప్యూటర్. అప్పుడు సామాన్ల సొరుగులోంచి క్రిస్టల్ ఒకటి తీసింది. వేలిగోరంత లోహపు బిళ్ళ, రెండు కాళ్ళు. చిప్‌కు బయటి గడియారంగా పనికొస్తుంది. దాన్ని చిప్ రెండు కాళ్ళకు ఆనించి మళ్ళీ నొక్కింది. కంప్యూటర్ చిప్‌ని పేరు పెట్టి పలకరించింది.

"సావనేదండి ఇది. బైటినుంచి గడియారం వత్తాదని కాసుకుని కూకుంది. మన బెల్లు బోర్డులో క్రిస్టల్ ఎక్కడుంది? రాదు కదా. అందుకే ఉలకదు, పలకదు. కాసింతసేపు గడియారం సూపిత్తే మాటాడతాది."

"బైటి గడియారం కోసం ఎందుకు కాసుకుంది? నాను లోపలి గడియారమే కదా ఎట్టినాను?"

ఆవిడ ఫ్యూజుల పేజీ తెరిచింది. నవ్వు ఆపుకోవడానికి పెదవి కొరుక్కుంటోందని ఇప్పుడు చెప్పగలను. "ఇక్కడ టిక్కంటే ఒకటి కాదండి. టిక్కంటే సున్నా. ఖాళీగా ఒగ్గేత్తే ఒకటి. మీరన్నీ తిరగేసి ఎట్టినారు. అలగ తిరగేత్తే బైటి గడియారం అని అర్దం వచ్చేసినాది."

నేను పుస్తకం లాక్కుని చూశాను. చివరి పేజీలో, చీమల్లాంటి అక్షరాల్లో ఉంది. ఈ ఫ్యూజులు తీగలు కావనీ, ఎన్నిసార్లైనా మార్చుకోవచ్చనీ కూడా ఉంది. ఆవిడ ఆ పేజీని ఫోన్‌తో తెలుగు చేయించుకుని చదివిందట. ఫోను దాన్ని కరిగించి అతికించిన తెలుగులో చెప్పినా ఆవిడకు అర్థమైంది. ఆవిడకు ఫ్యూజు అన్నది గడి పేరు, అంతే. నాకు ముప్పై ఏళ్ళ అనుభవం.

"ఇంకోటి సెప్పనా?" అంటూ మీటరు తీసి ఒక కొస నా మణికట్టు పట్టీ క్లిప్పు ఉన్న కిటికీ ఊచకు, ఇంకో కొస ఎర్తు వైరుకు పెట్టింది. మీటరు ముల్లు కదలలేదు, కరెంటుకు దారే లేదు. గదికి సున్నం వేసినప్పుడు కిటికీకి రెండు పూతల ఎనామిల్ రంగు కూడా వేయించాం. మేం ఇన్నాళ్ళూ రెండు చేతులా పట్టుకుని ఐదంకెలు లెక్కపెట్టింది రంగుని.

బావ నేల మీద చతికిలపడి కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వాడు. తర్వాత గడియారం చూసి లేచాడు. "బావ, ఓనరు పదకొండింటికి వచ్చేత్తాడు. సిప్పుల బ్యాచ్ బాగోనేదని సెప్పేద్దాం. ఊరూ పేరూ తెలీనోడి మీద తోసేత్తే ఎవులికీ ఇబ్బంది ఉండదు" అన్నాడు.

అబద్ధం చెప్పను, ఆ సలహా నాకు నచ్చింది. ఆవిడ వైపు చూశాను. "మీ ఇట్టం మేస్త్రీ గారూ" అని బోర్డులు అట్టపెట్టెల్లోకి సర్దడం మొదలుపెట్టింది. ప్యాకింగ్ పని అప్పుడే నేర్చుకుంటున్నట్టు ఒక్కొక్కటీ నెమ్మదిగా పెడుతోంది.

ఓనరు గారు వచ్చారు. తలుపు దగ్గర బటన్ నొక్కి మొహం చాటంత చేసుకుని లోపలికి వచ్చారు. నలభై పెట్టెలు చూశారు. నా భుజం తట్టారు.

"చూశావా మేస్త్రీ, నువ్వు రాసింది అక్షరాలా నిజం. ఆవిణ్ణి పక్కన పెడదామనుకోగానే పని దారిలో పడింది. ఏదీ ఆ కాగితం, సంతకం పెట్టేస్తాను. ఇక ఆవిడ చెయ్యి బోర్డులకు తగలనివ్వకండి."

అబద్ధం చెప్పాల్సిన అవసరం కూడా నాకు లేకుండా పోయింది. ఊరికే నించుంటే చాలు. ఆయన నా బల్ల మీంచి కాగితం తీసుకుని పెన్ను మూత తీశారు. నేను ఊరికే నించున్నాను కూడా, ఎంతసేపో చెప్పలేను. ఆవిడ పెట్టెకు టేపు అంటిస్తోంది. టేపు లాగుతున్న చప్పుడు ఒక్కటే గదిలో వినిపిస్తోంది. తల ఎత్తలేదు. తల ఎత్తి నన్ను చూసి ఉంటే, నా బుద్ధి సంగతి మీకు తెలుసు కదా, మొండికేసి నోరు మూసుకునేవాణ్ణేమో. ఆవిడ నా నుంచి ఏమీ ఆశించడం లేదని తెలిసేసరికి ఊరికే నించోవడం నావల్ల కాలేదు.

"సార్, ఆ కాగితంలో సిన్న తప్పు పడ్డాది" అన్నాను.

కాగితం ఆయన చేతిలోంచి తీసుకుని బల్ల మీద పెట్టుకున్నాను. "సదరు ఉద్యోగిని" కొట్టేసి "ఇన్‌చార్జి మేస్త్రీ" అని రాశాను. "చేతిలో" కొట్టేసి "బుర్రలో" అని రాశాను. ప్యాకింగుకు మార్చవలెను అన్న ముక్క అలాగే ఉంచాను. ఆయన అది పైకి చదివారు. మళ్ళీ చదివారు. నేను నలభై చిప్‌ల సంగతీ, తిరగేసి పెట్టిన టిక్కుల సంగతీ, రంగు పూసిన ఊచ సంగతీ వరుసగా చెప్పాను.

ఓనరు గారు కాగితాన్ని బల్ల మీద పరిచారు. తర్వాత, "బుర్రలో స్టాటిక్‌కి ఏం విప్పి బయట పెట్టాలి మేస్త్రీ?" అన్నారు. బావ పగలబడి నవ్వాడు. నేనూ నవ్వాను, ఏడవలేక.

కాగితం మీద ఆయన నిజంగానే సంతకం పెట్టారు. నెలరోజులు ప్యాకింగ్ చేశాను. చిప్‌లకు సెట్టింగులు పెట్టే పని ఆవిడ చేతికి వెళ్ళింది, ఆ తర్వాత కూడా నా దగ్గరికి తిరిగి రాలేదు. కిటికీ ఊచ మీద రంగు గీకి, దానికి ఎర్తు వైరు కలిపి క్లిప్పు మళ్ళీ పెట్టింది కూడా ఆవిడే. స్టాటిక్ నిజమే కదా మేస్త్రీ గారూ అంది. బావ చేత మాత్రం ఒక పని పట్టుబట్టి చేయించాను. ఆదివారం పొద్దున్నే హార్బర్‌కి తీసుకెళ్ళి, వలలు బాగుచేసేవాళ్ళ మధ్య నిలబెట్టి, తప్పు మేస్త్రీది, ఆవిడది కాదని గట్టిగా చెప్పించాను. పక్కనే మేస్త్రీ కూడా నించున్నాడు. అక్కడి వాళ్ళు మమ్మల్ని ఎగాదిగా చూసి, ఆ మాట నమ్మారో లేదో గానీ, కావలసినంతసేపు నవ్వుకున్నారు.

ఇదంతా అయ్యాక ఒకరోజు టీ తాగుతూ ఆవిడను అడిగాను. నాకు నిజంగా తెలుసుకోవాలనిపించింది. పుస్తకం నా బల్ల మీదే ఉంది. చివరి పేజీ దాకా నేనెప్పుడూ వెళ్ళలేదు. ఇన్‌చార్జిని, నాకే రాని అనుమానం ఆవిడకు ఎలా వచ్చింది?

"అనుమానం రానేదండి. మీరు సెప్పింది నమ్మేసినాను" అంది.

"మరి పుస్తకం ఎందుకు సదివినావు?"

గ్లాసు రెండు చేతుల మధ్య పెట్టుకుంది. "మా పాపకి పదినెల్లండి. మీరు ఏల ఓల్టులని సెప్పిన కాడ్నించీ నాను దాన్నెత్తుకోనేదు. పాలు పట్టడం కూడా మాయత్త సేతే డబ్బాపాలు పట్టించినాను. నాను గుమ్మంలోకి రాగానే అది సేతులు సాపేది. నాను దూరంగా కూకునీదాన్ని. ఐదు రోజులకి ఇంక నావల్ల కానేదు. దీన్నెలగ తగ్గించుకోవాలో ఎక్కడైనా రాసుంటాదేమోనని సదివినానండి."

నేను టీ గ్లాసు కింద పెట్టేశాను. ఆవిడ తనది తాగేసి, రెండు గ్లాసులూ కడిగి, వెళ్ళి బెంచీ దగ్గర కూర్చుంది.